మా ఆయనకు నేను చూసిన గది

"ఇదేం క్లాసు గదే?" అని అడిగాడు మా ఆయన.

"మంచి క్లాసే. పడుకో," అన్నాను.

మేమిద్దరం ఆఖరిగా అనుకున్న మాటలు ఇవే. ఆ తరవాత ఆయన నోరు విప్పలేదు. నేను ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను గానీ అవి ఆయన చెవిన పడ్డాయో లేదో తెలియదు. అందుకని వాటిని లెక్కలోకి తీసుకోను.

నా పేరు రాహేలమ్మ. తెనాలి టౌన్లో ఒక పెద్ద హోటల్లో పనిచేశాను. ముందు గదులు ఊడ్చాను, పక్కలు మార్చాను, తరవాత వచ్చినవాళ్ళకి గదులు చూపించాను. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. హోటలు పేరు చెప్పను. ఇప్పుడది చేతులు మారింది, అప్పటివాళ్ళు ఎవరూ అక్కడ లేరు. నాకు సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు గ్రేసు రాస్తోంది. గ్రేసుకి విజయవాడలో ఒక హోటల్లో కౌంటరు దగ్గర ఉద్యోగం వచ్చింది. ఎవరికి ఏ గది చెప్పాలో నీకెలా తెలిసేదో చెప్పత్తా, నాతోపాటు చేరినవాళ్ళకి కూడా చూపిస్తాను అని కాగితాలు పట్టుకుని కూర్చుంది. నేను ఏ గది సంగతి ఎత్తబోయినా ముందు మా ఆయన్ని పడుకోబెట్టిన గదే నోటికొస్తోంది. దాన్ని పక్కనపెట్టి పని గురించి చెప్పడం నా వల్ల కాలేదు. ఆ రోజు నేను ఆయనకు సరైన గది చూశానా లేదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అక్కడిదాకా ఎలా వచ్చామో వరసగా చెబుతాను, చదివినవాళ్ళు వాళ్ళకి తోచింది అనుకుంటారు.

పోర్టికో దాకా

మాది రేపల్లె అవతల, సముద్రపు గాలి తగిలే పల్లె. పెళ్ళయిన కొత్తలోనే కూలి పనులు సరిగా దొరక్క తెనాలి వచ్చేశాం. మా ఆయన పేరు యేసోబు. స్టేషను దగ్గర రిక్షా తొక్కేవాడు. నేను నాలుగిళ్ళల్లో అంట్లు తోమేదాన్ని. ఎనభైల్లో ఆ హోటలు కట్టారు. ఊళ్ళో అంత ఎత్తు మేడ, అందులో లిఫ్టు, చూడడానికే జనం వచ్చేవాళ్ళు. తెరవబోయే ముందు నేలమీద సున్నం మరకలు గీకడానికి ఆడకూలీలు కావాలంటే వెళ్ళాను. గీకుతూ గీకుతూ అక్కడే ఉండిపోయాను.

మా ఆయన రైలు దిగినవాళ్ళని హోటలుకి తెచ్చేవాడు. రిక్షావాళ్ళు పోర్టికో దాకానే రావాలి, మెట్టెక్కకూడదు. పెట్టె కూడా కింద పెట్టి జరిగిపోవాలి. కానీ మనిషిని చూసి ఏ గది తీసుకుంటాడో చెప్పడం ఆయనకో సరదా. పెట్టె చూసేవాడు, చెప్పులు చూసేవాడు, బేరం ఆడిన తీరు చూసేవాడు. ఇంటికొచ్చాక నన్ను అడిగి సరిచూసుకునేవాడు.

"ఏమే, పొద్దున నేను దించిన లావుపాటాయన ఏం తీసుకున్నాడు?"

"ఆర్డినరీ."

"డీలక్స్ అనుకున్నానే. తోలుపెట్టె కదా."

"పెట్టె అల్లుడిదంట."

ఆ మాటకి చాలాసేపు నవ్వాడు. ఎక్కువసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది. లోపలికి ఒక్కసారి కూడా రాని మనిషి, గదుల సంగతి నన్ను అడిగి అడిగి తెలుసుకున్నాడు. ఏసీ గదంటే మాత్రం నమ్మకం కుదిరేది కాదు. ఎండాకాలంలో నిజంగా దుప్పటి కప్పుకుంటారా అని అడిగేవాడు. కప్పుకుంటారయ్యా అంటే, "డబ్బిచ్చి చలి కొనుక్కుని మళ్ళీ దుప్పటెందుకే, చలి కాస్త తక్కువ కొనుక్కోవచ్చు కదా," అనేవాడు.

చూపించే వరస

మా మేనేజరు గారిది బాపట్ల. పేరు పార్థసారథి గారు. రోజూ రైల్లో వచ్చి రైల్లో వెళ్ళేవారు. ఆ జనంలో పడి వచ్చినా చొక్కా నలిగేది కాదు. గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు, కానీ ఆయన మాట మెల్లగా వచ్చిందంటే అందరం సర్దుకునేవాళ్ళం. నన్ను ఊడ్చే పని నుంచి చూపించే పనికి తెచ్చింది ఆయనే. సంసారులు వచ్చినప్పుడు రూం బోయ్ వెంట గదిలోకి వెళ్ళడానికి ఆడవాళ్ళు వెనకాడుతున్నారని కనిపెట్టారు. ఆడమనిషి తాళాలు పట్టుకుని ముందు నడిస్తే ఇది మంచి హోటలే అనుకుంటారని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు.

మనవాళ్ళు గది చూడకుండా తీసుకోరు. పరుపు నొక్కుతారు, కుళాయి తిప్పుతారు, దిండు వాసన చూస్తారు, తలుపు వెనక చూస్తారు. అందుకని చూపించే వరసలోనే అమ్మకం అంతా ఉంటుందని ఆయన నేర్పారు. మాకు కింద అంతస్తులో ఆర్డినరీ, పైన డీలక్స్, ఆ పైన ఏసీ, చిట్టచివర రెండేసి గదుల సూట్లు. ముందు ఆర్డినరీ చూపించాలి. చూపించేటప్పుడు కిటికీ తెరవకూడదు, ఫాను వెయ్యకూడదు. అక్కణ్ణించి డీలక్స్‌కి తీసుకెళ్ళాలి. మనం వెళ్ళేసరికే అక్కడ ఫాను తిరుగుతూ ఉండాలి, తెర కాస్త తొలగించి ఉండాలి. ఏసీ సంగతి మనం ఎత్తకూడదు. వాళ్ళే అడగాలి. అడిగినవాళ్ళు తీసుకుంటారు. ఇది మోసమా అంటే మోసం కాదు. అన్ని గదులూ అవే. ఒకదానికి నువ్వు తోడున్నావు, ఒకదానికి లేవు, అంతే.

గ్రేసూ, ఈ వరస నీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. మనిషి ఎంత ఇవ్వగలడని కాదు చూడాల్సింది, ఏ పని మీద వచ్చాడో చూడాలి. అమృతలూరు వైపు నుంచి ఒక రైసుమిల్లు యజమాని తల్లిని తీసుకుని వచ్చాడు. కోర్టు పని ఏదో, కొన్నాళ్ళు ఉండాలి. ఏసీ తప్ప వద్దన్నాడు. మా ఏసీ గదుల్లో అన్నీ ఇంగ్లీషు బాత్రూములే. ఆ ముసలావిడకు దాని మీద కూర్చోవడం చేతకాలేదు. కొడుకుతో చెప్పడానికి సిగ్గు. పొద్దున్నే నా దగ్గరికి దిగొచ్చి, అమ్మాయ్, కింద గది ఏదన్నా తీసి పెట్టవే అని చెవిలో అడిగేది. ఉన్నన్నాళ్ళూ ఖాళీగా ఉన్న ఆర్డినరీ గది ఒకటి ఆవిడ కోసం తీసి కాపలా ఉన్నాను. నాకేమో భయం, మేనేజరు గారు చూస్తే ఏమంటారోనని. చూశారు. ఆ తరవాత ముసలివాళ్ళు వస్తే ముందు బాత్రూము తలుపు తీసి చూపించమన్నారు.

పైన నీళ్ళు లేవు

తెనాలికి ఎక్కువమంది వచ్చేది డాక్టర్ల కోసం. రేపల్లె నుంచి, బాపట్ల నుంచి, లంక ఊళ్ళ నుంచి, జబ్బు మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని ఇటొకరు అటొకరు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆస్పత్రిలో మంచం దొరక్కపోతేనో, ఆపరేషను మర్నాడంటేనో హోటల్లో దిగేవాళ్ళు. మామూలు జబ్బు అయితే ఇబ్బంది లేదు. కానీ గదిలో మనిషి పోతే ఆ గది ఇక ఎవరూ తీసుకోరు. ఊళ్ళో తెలిసిపోతుంది. మా హోటల్ని మగపెళ్ళివారికి విడిదిగా ఇచ్చేవాళ్ళు. చావు జరిగిన చోట పెళ్ళికొడుకుని దించుతారా ఎవరైనా? అందుకని పోయేలా ఉన్నవాళ్ళకి గది ఇవ్వకూడదని ఓనరు గారి ఆర్డరు.

పోయేలా ఉన్నారో లేదో చూసేది నేను. గది చూపించే వంకతో దగ్గరగా నడిచేదాన్ని. కాళ్ళ వాపు, కళ్ళల్లో పచ్చదనం, మెట్టు దగ్గర ఎన్నిసార్లు ఆగుతున్నాడు, ఇవన్నీ చూసుకునేదాన్ని. ఫరవాలేదనుకుంటే తాళం ఇచ్చేదాన్ని. కాదనుకుంటే కౌంటరు దగ్గరికొచ్చి, "పైన నీళ్ళు లేవండి," అనేదాన్ని. మోటారు పాడైంది, ఇంకోచోట చూసుకోండి అని మేనేజరు గారు మర్యాదగా పంపేసేవారు. ఆ మాట ఆయనే నాకు నేర్పారు. వాళ్ళ మొహం మీద మీ మనిషి పోతాడని చెప్పలేం కదా, అందుకని.

అది నా ఉద్యోగం. నేను కాకపోతే ఇంకొకరు చేసేవాళ్ళు. వాళ్ళల్లో కొంతమంది నా వైపు చూసి చిన్నగా తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళకి తెలిసిపోయిందని నాకూ తెలిసేది.

వెనక మెట్లు

ఒకసారి నా అంచనా తప్పింది. కాకుమాను వైపు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆయన తనంతట తాను నడిచాడు, నాతో జోకులేశాడు, పరుపు నొక్కి, మా ఇంట్లో గడ్డి ఇంతకంటే మెత్తగా ఉంటుందమ్మాయ్ అన్నాడు. డీలక్స్ గది ఇచ్చాం. మర్నాడు భోజనాల వేళకి పోయాడు. ఆవిడ తలుపు తీసి, ఒకసారి రా అమ్మా, ఈయన లేవడం లేదు అంది.

ఆ రోజు నేర్చుకున్నవి నేనెప్పుడూ మర్చిపోలేదు. లిఫ్టులో మనిషిని పడుకోబెట్టడానికి చోటుండదు. నిలబడే మనుషుల కోసం చేసిన డబ్బా అది. ముందు మెట్ల మీద తేవడానికి లేదు, అందరూ చూస్తారు. వెనక మెట్లు ఇరుకు, ప్రతి మలుపులో గోడ. చివరికి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పంచెతో కుర్చీకి కట్టి, బోయ్‌లు వంచుతూ ఎత్తుతూ దింపారు. మలుపు దగ్గర తల గోడకి తగిలింది. ఆవిడ చూసింది.

ఏడవకూడదని ఆవిడకి ముందే చెప్పారు. జీపు వీధి దాటేదాకా ఓర్చుకోండమ్మా, మిగతా గదుల్లో జనం ఉన్నారు అని మేనేజరు గారు చేతులు జోడించి చెప్పారు. ఆవిడ ఓర్చుకోలేకపోయింది. గొంతులోంచి వస్తోంది. నేను నా చీర కొంగు ఆవిడ నోటికి అందించాను. కొరికి పట్టుకుంది. జీపు ఎక్కాక గుడ్డ వదిలింది గానీ ఏడవలేదు. వెనక్కి తిరిగి నా వంక చూసింది. అదేం చూపో ఇన్నేళ్ళయినా నేను చెప్పలేను.

గది అడగడం

తొంభైల మొదట్లో మా ఆయనకి కాళ్ళు వాచాయి. తొక్కీ తొక్కీ వాచాయనుకున్నాం. కిడ్నీలు పాడైపోయాయని తేలేసరికి ఆలస్యం అయిపోయింది. ఎండాకాలం నడిమధ్య, పెద్దాసుపత్రిలో ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు.

ఇంటికంటే ఏ ఇంటికి? మేముండేది అద్దె గది. ఇంటావిడను పిన్నిగారూ అని పిలిచేదాన్ని, మంచిదే. రిక్షా గేటు దగ్గర ఆగగానే బయటికొచ్చింది. ఆయన్ని చూసింది. లోపలికెళ్ళి కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి అప్పుడు చెప్పింది.

"నా మీద కోపం పెట్టుకోకు రాహేలమ్మా. ఏ నక్షత్రంలో పోతాడో ఏంటో. చెడ్డ నక్షత్రమైతే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. నాకు ఉన్నది ఈ ఇల్లొక్కటే. నేనెక్కడికి పోను?"

మాకు ఆ నక్షత్రాల పట్టింపు లేదు, మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. కానీ ఇల్లు ఆవిడది. ఆవిడ మాటలో తప్పు నాకు దొరకలేదు. నేను హోటల్లో చేసేది కూడా అదే పని. మా తమ్ముడి దగ్గరికి, అంటే గ్రేసు వాళ్ళ నాన్న దగ్గరికి, రేపల్లె అవతలికి పోదామంటే ఆయన అంతదూరం తట్టుకోడు. వాళ్ళ ఇల్లు కూడా తుఫానులో పడిపోయి, చంటిపిల్ల గ్రేసుతో సహా అందరూ బడిలో తలదాచుకుంటున్నారు.

మా ఆయన రిక్షానే సాంబయ్య తొక్కుతున్నాడు. స్టేషను దగ్గర ఆయన తోటివాడు. ఎటు పోదాం వదినా అన్నాడు. హోటలుకి పోనిమ్మన్నాను. ఆయన తల నా భుజం మీద ఉంది. ఇంకేమీ వద్దు, ఒక కప్పు కింద, ఒక మంచం మీద పోవాలి, వీధిలో పోకూడదు. నాకున్న ఆలోచన అదొక్కటే.

పోర్టికోలో రిక్షా ఆగింది. మేనేజరు గారు మెట్ల మీదికొచ్చారు. రిక్షాలో నన్ను చూశారు. మా ఆయన కాళ్ళు చూశారు, కళ్ళు చూశారు. నేను చూసే వరసలోనే చూశారు.

"పైన నీళ్ళు లేవు రాహేలమ్మా," అన్నారు.

కావాలని అన్నారని నేను అనుకోను. ఇన్నేళ్ళ అలవాటు, నోటికి వచ్చేసింది. అన్న తరవాత ఆయన మొహం మారిపోయింది.

"నీళ్ళు నేను మోసుకుంటానండి," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డారు. లోపల పెళ్ళి పని వాళ్ళు గుమ్మానికి మామిడాకులు కడుతున్నారు. మర్నాడు పొద్దున మగపెళ్ళివారు దిగుతారు, హోటలంతా వాళ్ళదే.

"రేపు పొద్దుటిదాకా అన్నీ ఖాళీయే," అన్నారు. "ఎండ మండిపోతోంది. ఏసీలో పడుకోబెట్టుకో. నీకేది కావాలో నువ్వే చూసుకో. ఓనరు గారికి నేను చెప్పుకుంటాను." ఆ మామిడాకుల వైపు చూసి, "ఈలోపు ఏదైనా అయితే..." అన్నారు.

"తెలుసండి," అన్నాను. ఏడవకూడదన్న మాట ఆయన నాకు చెప్పక్కర్లేదు.

తాళం

కౌంటరు వెనక తాళాల బోర్డు దగ్గరికి వెళ్ళాను. ముందు చేతిలోకి తీసుకున్నది ఏసీ గదిదే. ఎన్ని ఎండాకాలాలు అడిగాడు ఆయన దాని గురించి. చల్లగా ఉంటుంది, ఒళ్ళంతా మంటలు పుడుతున్న మనిషికి హాయిగా ఉంటుంది. పైకి ఎలాగూ తీసుకెళ్ళొచ్చు, ఇంకా కూర్చోగలుగుతున్నాడు, లిఫ్టులో స్టూలు వేస్తే సరిపోతుంది.

కిందికి ఎలా తేవాలి? చేతిలో తాళంతో నిలబడి అదే ఆలోచించాను. మా ఆయన మంచి పొడగరి. నీరు పట్టి బరువెక్కాడు. వెనక మెట్ల మలుపులు నాకు కనిపిస్తున్నాయి, కుర్చీ కనిపిస్తోంది, గోడ కనిపిస్తోంది. ఏసీ తాళం తిరిగి తగిలించాను. కింద వెనకవైపు చివరి గది తాళం తీసుకున్నాను. ఆర్డినరీ. దాని ఎదురుగానే చాకలి మూటలు పోయే తలుపు ఉంది.

మేనేజరు గారు నా చేతిలో తాళం చూశారు. ఆయనకీ మెట్లు గుర్తున్నాయి.

నలుగురం కలిసి లోపలికి తీసుకెళ్ళాం. ఆర్డినరీ గది చూపించేటప్పుడు చెయ్యకూడదని నాకు నేర్పినవన్నీ చేశాను. కిటికీ బార్లా తీశాను. ఫాను పూర్తిగా తిప్పాను. డీలక్స్ నుంచి కొత్త పక్కబట్ట తెచ్చి పరిచాను. ఏసీ గదుల్లో పెట్టే తెల్ల తువ్వాలు తడిపి ఆయన మొహం తుడిచాను. ఆ తడికి కళ్ళు తెరిచాడు. ఫాను చూశాడు. చేత్తో పక్కబట్ట తడుముకున్నాడు. అప్పుడడిగాడు, ఇదేం క్లాసు గదే అని.

ఆర్డినరీ అని చెప్పడానికి నోరు రాలేదు. ఏసీ అందామంటే గదంతా ఉడుకుతోంది, ఆయనకు తెలిసిపోతుంది. మంచి క్లాసే అన్నాను.

నమ్మాడో లేదో. పెట్టె చూసి, చెప్పులు చూసి క్లాసు చెప్పేసే మనిషి. గోడలు చూస్తే తెలియదా? తెలిసి కూడా నన్ను ఊరుకోబెట్టడానికి కళ్ళు మూసుకున్నాడా? ఏసీలో పడుకోబెట్టి ఉంటే ఆ కాసేపైనా హాయిగా ఉండేవాడు కదా. బతికున్న మనిషికి గది చూడమంటే, నేనేమో ఆయన పోయాక బయటికి తెచ్చే దారి చూశాను. ఇలా ఒక రోజు అనిపిస్తుంది. ఇంకో రోజు, ఆ కాకుమాను ఆయన తల గోడకి తగిలిన చప్పుడు గుర్తొస్తుంది, నేను చేసిందే సరైనదని అనిపిస్తుంది.

పొద్దు వాలుతుండగా పోయాడు. సాంబయ్య గుమ్మం బయటే కూర్చుని ఉన్నాడు. నేను పిలవలేదు, చప్పుడు లేకపోవడం చూసి ఆయనే వచ్చాడు. కొంగు నా నోట్లో ఉంది. ముందువైపు పెళ్ళివారి మైకు కట్టి పాట పెట్టి చూస్తున్నారు, తీసేస్తున్నారు, మళ్ళీ పెడుతున్నారు. స్టేషను రిక్షావాళ్ళు వెనక తలుపు దగ్గరికొచ్చారు. మంచంతో సహా ఎత్తారు. ఎక్కడా వంచలేదు, ఎక్కడా తగల్లేదు, ఒక్క తీరుగా బయటికొచ్చేసింది. అది చూసి నాకు నెమ్మదిగా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఇంటావిడ వచ్చింది. నన్ను పట్టుకుని బావురుమంది, తోటంతా వినపడేలా ఏడ్చింది. నువ్వు కూడా ఏడువ్ రాహేలమ్మా, ఏడిస్తే పోతుంది అంది. నాకు రాలేదు. హోటలు దాటాక ఏడుద్దాంలే అనుకుని ఆపుకున్నాను. దాటాక చూస్తే లేదు. ఆ కాకుమాను ఆవిడకి కూడా అంతే అయి ఉంటుంది.

తరవాత

ఆ గది పెళ్ళివారికి ఇవ్వలేదు. అందులో నీళ్ళు రావడం లేదని చెప్పారట. నేను మళ్ళీ పనిలోకి వెళ్ళేసరికి తాళం అలాగే ఉంది, లోపల కిటికీ తెరిచే ఉంది. కడగడానికి ఎవరూ రాలేదు. నేనే కడిగాను.

ఓనరు గారికి తెలిసింది. అందరి ముందు మేనేజరు గారిని నిలబెట్టి అడిగారు. గది ఖాళీగా ఉంది, అడిగారు, ఇచ్చాను అన్నారాయన మెల్లగా. ఆ తరవాత నన్ను పిలిచి, ఇకమీదట నీళ్ళ మాట చెప్పొద్దు, జబ్బు మనిషి వస్తే ఉన్నదున్నట్టు నాకు చెప్పు, నేనే మాట్లాడతాను అన్నారు. మాట్లాడేవారు కూడా. కొంతమందికి కింద గది ఇచ్చేవారు, కొంతమందికి ఇవ్వలేమని మొహం మీదే చెప్పేవారు. కొన్నాళ్ళకు ఆయన మానేసి బాపట్లలోనే ఉండిపోయారు. మా ఆయన సంగతి మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. కొత్తగా వచ్చిన మేనేజరు, కరెంటు లేదని చెప్పమన్నాడు. నేను చెప్పనన్నాను. నన్ను మళ్ళీ ఊడ్చే పనికి పంపాడు. ఊడ్చుకుంటూనే రిటైరయ్యాను.

గ్రేసూ, మీ విజయవాడ హోటలుకి కూడా డాక్టర్ల కోసం వచ్చేవాళ్ళు వస్తారు. రాకుండా ఉండరు. ఇవ్వడం, ఇవ్వకపోవడం నీ చేతిలో ఉండదు, నీ పైవాళ్ళు చెబుతారు. నీ చేతిలో ఉన్నది చెబుతాను. ఇవ్వలేకపోతే నిజం చెప్పు. తిట్టనీ, పడు. ఇస్తే కింద గది ఇవ్వు, ఇంకేదైనా చల్లటి గది కింద ఉంటే అది ఇవ్వు, మా హోటల్లో అలాంటిది లేదు. మనిషి పోతే, వాళ్ళని ఏడవనివ్వు. పక్క గదులవాళ్ళు తలుపులు తీసి ఏంటని అడుగుతారు. మనిషి పోయాడండి అని చెప్పు. విన్నవాళ్ళు ఎవరూ చచ్చిపోరు. పెళ్ళివాళ్ళు వెళ్ళిపోతామంటే వెళ్ళిపోనీ. ఆ ఒక్క పూట ఏడవకపోతే, తరవాత ఎన్ని పూటలున్నా ఆ ఏడుపు రాదు. నాకు రాలేదు.

ఇంక చాలు, రాయడం ఆపు. ఏంటి, నువ్వెందుకు ముక్కు చీదుతున్నావు? కాగితం తడుస్తుంది, అటు పెట్టు. మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు. నేను అన్నది అన్నట్టే రాశావో, నా మీద జాలిపడి ఎక్కడైనా మెత్తగా మార్చావో చూడాలి. వీధి తలుపు అలాగే ఉండనీ, ఎవరు విన్నా ఫరవాలేదు. గొంతు తగ్గించకు. గట్టిగా చదువమ్మా.